జపాన్ పల్లెల్లో వేడినీటి బుగ్గల ఊర్లు, రియోకాన్ బస: మన తిరుపతి వైపు నుంచి పోయేవాళ్ళు ఎట్లా ప్లాన్ చేసుకోవాల

మన వైపు నుంచి జపాన్ పోయేవాళ్ళు ఎక్కువమంది టోక్యో, క్యోటో, ఒసాకా తిరిగేసి, మబ్బు లేకుంటే ఫుజి కొండని దూరం నుంచి చూసి వచ్చేస్తుంటారు. నా మాట వింటే అందులో ఒక మూడు నాలుగు రోజులు తీసి పల్లెల వైపు పెట్టండి. వేడినీటి బుగ్గలుండే ఊర్లని ఆడ ఒన్సెన్ అంటారు, ఆ ఊర్లలో చాప లాంటి తతామి పరిచిన గదులు, రాత్రి భోజనం, పొద్దున టిఫిను, స్నానం అన్నీ కలిపి ఇచ్చే పాతకాలం బసని రియోకాన్ అంటారు. యామనాషిలో ఉండే నిషియామా ఒన్సెన్ కెయిఉన్‌కాన్ అనేది 705లో మొదలైంది, ప్రపంచంలోనే అన్నిటికంటే పాత హోటల్ అని గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. అంత కాలం నుంచి ఒకే పని చేస్తుండే ఊర్లకి ఒక పద్ధతి ఉంటాది గదా, ఆ పద్ధతి తెలుసుకుని పోతే చాలా సుఖంగా ఉంటాది.

ఆ పద్ధతిలో మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఏమంటే ఏదైనా సరే ముందే చెప్పాల. మన దగ్గర హోటల్‌కి పోయినాక "అన్నా, కొంచెం కారం తగ్గించి చేయండి, ఉల్లిపాయ వద్దు" అంటే జరిగిపోతాది. ఆడ అట్లా కాదు. చిన్న రియోకాన్‌లో పది పన్నెండు గదులుంటే, ఎవరు వస్తున్నారు, ఏం తింటారు అని చూసుకుని ఆ లెక్కకే సరుకు తెచ్చి వండుతారు. బుక్ చేసేటప్పుడే చెప్తే మీ కోసం ఎంతో శ్రమ పడతారు, పోయినాక చెప్తే పాపం వాళ్ళకి తల కొట్టేసినట్టు అవతాది, మీకు తిండి ఉండదు. తిండికి, పికప్‌కి, మోకాళ్ళ నొప్పికి, పచ్చబొట్టుకి, లేటుగా వచ్చేదానికి, అన్నిటికీ ఇదే వర్తిస్తాది.

వీసా సంగతి తొందరగా చెప్పేస్తాను. టూరిస్ట్ వీసా వీఎఫ్ఎస్ అనే వీసా అప్లికేషన్లు తీసుకునే కంపెనీ ద్వారా అప్లై చేయాల, చెన్నైలో సెంటర్ ఉంది. ఈ-వీసా వస్తే ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్‌లో ఇంటర్నెట్ ఆన్ చేసి ఆ పేజీని లైవ్‌గా చూపించాల, ప్రింటు గానీ స్క్రీన్‌షాట్ గానీ ఒప్పుకోరు, కాబట్టి డేటా ముందే సిద్ధం చేసుకోండి. విజిట్ జపాన్ వెబ్ అనే సైట్‌లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ తీసిపెట్టుకుంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ తొందరగా అయిపోతాయి. ఫ్లైట్‌కి తిరుపతి వాళ్ళు చెన్నై నుంచి సింగపూర్ గానీ కౌలాలంపూర్ గానీ బ్యాంకాక్ గానీ మారి పోవచ్చు, మదనపల్లి, పలమనేరు వైపు వాళ్ళకైతే బెంగళూరు మేలు, ఆడ నుంచి టోక్యో దగ్గరుండే నారిటా ఎయిర్‌పోర్ట్‌కి జపాన్ ఎయిర్‌లైన్స్ డైరెక్ట్ ఉంది. ఆడ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గు రెండు చదును పిన్నులది, మన కుక్కరు, ఇమ్మర్షన్ హీటరు లాంటివి మోసుకుపోవద్దు.

ఇంక ఏ ఊరు అనేది. వేడినీళ్ళు వచ్చే ప్రతి చోటూ ఒన్సెన్ కాదు, 1948లో చేసిన చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చే నీళ్ళు 25 డిగ్రీలైనా ఉండాల, లేదంటే అందులో చెప్పిన ఖనిజాలు చెప్పినంత ఉండాల. అందుకే ఒక్కో ఊరి నీళ్ళు ఒక్కో రకం. గున్మాలో కుసాత్సు ఉంది, నిమిషానికి 32 వేల లీటర్లకి పైగా నీళ్ళు వాటంతటవే పొంగుతాయి, ఊరి నడిబొడ్డున చెక్క కాలవల్లో ఆవిర్లు కక్కుతూ పారుతుంటాది, బాగా ఆమ్లం ఉండే నీళ్ళు. అకితాలో న్యూతో ఒన్సెన్ వైపు పోతే పాల రంగులో ఉండే నీళ్ళు, చుట్టూ అడవి. యమగాటాలో గింజాన్ అయితే చిన్న ఏటికి రెండు పక్కలా చెక్కతో కట్టిన పాత రియోకాన్‌లు, మంచు కాలంలో ఆ ఊరి ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. క్యూషూ దీవిలో అయితే కురోకావా, బెప్పు ఉన్నాయి.

మొదటిసారి పోయేవాళ్ళకి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని పోయేవాళ్ళకి నేనైతే కినోసాకి చెప్తాను. హ్యోగోలో ఉంది, ఒసాకా, క్యోటోల నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే రెండున్నర మూడు గంటల్లో ఊర్లోనే దిగుతారు, బస్సు మారే పని లేదు. ఊర్లో ఏడు పబ్లిక్ స్నానశాలలున్నాయి, రియోకాన్‌లో దిగినవాళ్ళకి వాటికి పాస్ ఇస్తారు, సాయంత్రం అందరూ యుకాటా అనే పొడుగు నూలు అంగీ కట్టుకుని చెక్క చెప్పులేసుకుని టకటకమని ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి నడుస్తుంటారు, ఊరంతా ఒకే బస అన్నట్టు ఉంటాది. ఒసాకా వైపు తిరిగేవాళ్ళు జేఆర్ అంటే జపాన్ రైల్వే వాళ్ళ కాన్సాయ్ వైడ్ ఏరియా పాస్ తీసుకుంటే అది కినోసాకి దాకా పని చేస్తాది. దేశమంతా తిరిగే జేఆర్ పాస్ 2023 అక్టోబర్‌లో బాగా పెంచేశారు, ఏడు రోజులది 29,650 నుంచి 50,000 యెన్ అయింది, కాబట్టి కళ్ళు మూసుకుని అది కొనొద్దు, ఒక ప్రాంతం ఎంచుకుని ఆ ప్రాంతం పాస్ చూసుకోండి.

రేటు చూసేటప్పుడు మనవాళ్ళు తడబడేది ఒకటుంది. రియోకాన్ రేటు ఎక్కువగా గదికి కాదు, మనిషికి. రెండు పూటల తిండితో మనిషికి 15 వేల నుంచి 30 వేల యెన్ దాకా మామూలుగా ఉంటాది, పేరున్నవి ఇంకా పైకి పోతాయి. అందుకే రోజూ రియోకాన్ అనుకోవద్దు, మిగతా రోజులు మామూలు బిజినెస్ హోటల్లో ఉండి రెండు రాత్రులు ఒకే రియోకాన్‌లో ఉండండి. ఒక్క రాత్రి అయితే మూడింటికి చెకిన్, పొద్దున పదింటికి చెకౌట్, సామాను విప్పేది కట్టేది తప్ప ఏముంటాది. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు నడిమిలో ఒబోన్ అనే పెద్దల పండగ రోజుల్లో, కొత్త సంవత్సరానికి ఆ దేశం వాళ్ళే అందరూ కదులుతారు, ఆ రోజులు వదిలేయండి.

తిండి. ఇది నిదానంగా చదవండి, ముఖ్యంగా వెజిటేరియన్లు. రియోకాన్ రాత్రి భోజనం చిన్న చిన్న గిన్నెల్లో వరసగా వచ్చేది, చూసేదానికి ఎంత అందంగా ఉంటాదో చెప్పలేను, కానీ అందులో చేప లేని గిన్నె వెతుక్కోవాల. చేప ముక్క కనపడకపోయినా దాషి అని ఒక రసం ఉంటాది, ఎండబెట్టిన కత్సుఓ చేపని కొబ్బరి కోరులాగా సన్నగా గీకి మరిగించి తీసేది, అది మిసో సూప్‌లో, ఉడికించిన కూరగాయల్లో, కోడిగుడ్డు అట్టులో, టెంపురా అనే బజ్జీలు ముంచుకునే నీళ్ళలో, సోబా నూడుల్స్ పులుసులో, అన్నిట్లో ఉంటాది. "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాస్తే మాంసం తీసేసి చేప పెడతారు, లేదంటే కూరగాయలే పెడతారు కానీ దాషితోనే వండుతారు. వాళ్ళ లెక్కలో అది తప్పు కాదు. కాబట్టి బుకింగ్‌లో ఉండే మెసేజ్ బాక్సులో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టి జపనీస్‌లోనే ఇట్లా విడివిడిగా రాయండి: మాంసం వద్దు, చేప వద్దు, రొయ్యలు పీతలు వద్దు, చేప దాషి వద్దు, కోన్బు అనే సముద్రపు ఆకుతో చేసిన దాషి అయితే ఫర్వాలేదు, పాలు పెరుగు తింటాం, గుడ్డు తింటాం లేదా తినం. నోటితో చెప్పాలంటే "నికు మో సకానా మో తబెమసెన్, కత్సుఓ దాషి మో దమే దెసు" అంటే మాంసం చేప తినం, కత్సుఓ దాషి కూడా వద్దు అని అర్థం అవతాది. బుక్ చేసేటప్పుడు ఒకసారి, పోయే వారం ముందు ఒకసారి గుర్తు చేయండి.

వాళ్ళు "మా వల్ల కాదు" అని రాస్తే నొచ్చుకోవద్దు, బతిమాలొద్దు, వేరే చోటు చూసుకోండి. అది మర్యాదగా నిజం చెప్పడమే. లేదంటే అదే రియోకాన్‌లో తిండి లేని ప్లాన్ ఉందేమో చూడండి, సుదోమారి అంటారు, గదీ స్నానమూ మాత్రమే ఇస్తారు, రేటు కూడా బాగా తగ్గుతాది. గదిలో టీ కోసం వేడినీళ్ళు ఎట్లాగూ ఉంటాయి, కప్పులో నీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకులు తీసుకుపోతే ఆ పూట గడిచిపోతాది. వేయించి దంచిన కందిపొడి, పుళిహోర పేస్టు ప్యాక్ చేసినవి పెట్టుకోండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, బియ్యం, పప్పులు, విత్తనాలు మాత్రం వద్దు, మొక్కల సరుకుకి ప్లాంట్ క్వారంటైన్ సర్టిఫికెట్ అడుగుతారు, మాంసంతో చేసినవైతే అసలే కుదరదు, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేస్తారు. అన్నం ఆడ బ్రహ్మాండంగా ఉంటాది, కన్వీనియన్స్ స్టోర్‌లో వేడి చేసుకునే తెల్లన్నం ప్యాకెట్లు, చక్కెర లేని ప్లెయిన్ పెరుగు రెండూ దొరుకుతాయి, పెరుగన్నానికి ఇంకేం కావాల. ఒకటి, పల్లెలోకి పోయినాక ఆ స్టోర్ కూడా ఉండకపోవచ్చు, రైలు దిగిన పెద్ద స్టేషన్‌లోనే కొనుక్కోండి. నూనె కారే ఆవకాయ తతామి మీద విప్పొద్దు, మరక పడితే పోదు, బల్ల మీద పెట్టుకుని తినండి.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఒంట్లో బాగలేనివాళ్ళు వారాల తరబడి ఉండి స్నానాలు చేసే పాత అలవాటు ఆ దేశంలో ఉంది, తోజి అంటారు. అట్లాంటి బసల్లో వంట మనమే చేసుకునే వంటిల్లు ఉంటాది, గిన్నెలుంటాయి, కొన్నిచోట్ల కాయిన్ వేస్తే కాసేపు గ్యాస్ వెలిగే పొయ్యిలుంటాయి. ఇవాతెలో హనమాకి దగ్గర ఒసావా ఒన్సెన్‌లో అట్లాంటి సొంత వంట విభాగం ఉంది. గదులు సాదాగా ఉంటాయి, ఆర్భాటం ఉండదు, ఖర్చు చాలా తక్కువ. ఊర్లో కూరగాయలు కొనుక్కొచ్చి, మీ పొడులతో వండుకుని, రోజుకి రెండు మూడుసార్లు స్నానం చేసుకుంటూ ఉండొచ్చు. పప్పన్నం తిని ఏటి ఒడ్డున వేడినీళ్ళలో కూర్చునేది నా దృష్టిలో ఖరీదైన రియోకాన్ కంటే ఏం తక్కువ కాదు.

ఉల్లి వెల్లుల్లి కూడా తినని ఇళ్ళ వాళ్ళు కోయాసాన్ పోండి. 816లో కూకాయ్ అనే బౌద్ధ గురువుకి చక్రవర్తి ఇచ్చిన కొండ అది, ఇప్పుడు ఆ కొండ మీద యాభైకి పైగా గుళ్ళు యాత్రికులకి బస ఇస్తాయి. గుడిలో పెట్టే షోజిన్ ర్యోరి అనే భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు, టోఫు, నువ్వుల ముద్ద, కొండ ఆకుకూరలు పెడతారు, దాషి కూడా కోన్బుతో, పుట్టగొడుగులతో తీస్తారు. ఒసాకా నాంబా నుంచి నాన్‌కాయ్ రైలు, చివర్లో కేబుల్ కారు, ఆ పైన బస్సు. ఆ గుళ్ళలో ఫుకుచిఇన్ అనేదాంట్లో వేడినీటి స్నానం కూడా ఉంది. తెల్లారి పూజకి అతిథులని కూడా రానిస్తారు, వెళ్ళి కూర్చోండి. ఒకూనోఇన్ శ్మశానం దారిలో ఆకాశమంత దేవదారు చెట్ల కింద రెండు కిలోమీటర్లు సమాధుల మధ్య నడక, దాన్ని కూడా వదలొద్దు.

పల్లె బస్సు ఎక్కేది ఎట్లాగంటే, చాలాచోట్ల వెనక తలుపులో ఎక్కాల, ఎక్కగానే పక్కన చిన్న మెషిన్ నుంచి ఒక నంబరు చీటీ బయటికి వచ్చి ఉంటాది, అది లాక్కోండి. ముందర డ్రైవర్ పైన బోర్డులో ఆ నంబరు కింద రేటు స్టాపు స్టాపుకీ పెరుగుతుంటాది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బాలో చీటీ, సరిగ్గా చిల్లర కలిపి వేయాల, డబ్బా చిల్లర తిరిగి ఇయ్యదు, పక్కనే వెయ్యి యెన్ నోటు మార్చే మెషిన్ ఉంటాది, బస్సు ఆగినప్పుడు ముందే మార్చుకుని పెట్టుకోండి. ఒకే బోగీ రెండు బోగీలుండే పల్లె రైళ్ళలో కూడా ఇదే కథ. సుయికా, ఇకోకా అని రైళ్ళలో బస్సుల్లో తాకిస్తే డబ్బు కట్ అయ్యే కార్డులు పట్నంలో పని చేస్తాయి, లోపలికి పోయేకొద్దీ పని చేయవు, క్యాష్ ఉంచుకోండి, సెవెన్ ఎలెవెన్ ఏటీఎంలో మన కార్డులు తీసుకుంటాది. బస్సులు రోజుకి నాలుగైదు ఉంటే గొప్ప అనే ఊర్లున్నాయి, సాయంత్రమే ఆగిపోతాయి, అందుకని రియోకాన్ బుక్ చేసేముందే ఆఖరి బస్సు చూసుకోండి, "స్టేషన్ నుంచి పికప్ ఉందా" అని అడగండి, చాలామంది వ్యాన్ పంపుతారు, కానీ ఏ రైలుకి దిగుతామో ముందే రాయాల. భోజనం ఆరు, ఆరున్నరకే పెట్టేస్తారు, ఐదు దాటి చేరేటట్టు పెట్టుకోవద్దు, లేటయితే ఫోన్ చేయాల.

పెద్ద సూట్‌కేసులతో ఈ బస్సులు ఎక్కలేరు. తాక్యుబిన్ అని పార్సిల్ సర్వీసు ఉంది, హోటల్ రిసెప్షన్‌లోనో కన్వీనియన్స్ స్టోర్‌లోనో ఇస్తే తర్వాత దిగబోయే హోటల్‌కి మామూలుగా మరుసటి రోజుకి చేరుస్తారు, దూరమైతే రెండు రోజులు. పెద్ద పెట్టె అట్లా పంపేసి భుజాన బ్యాగుతో పల్లెకి పోండి.

రియోకాన్ చేరాక గుమ్మంలోనే చెప్పులు విప్పి, వాళ్ళిచ్చే స్లిప్పర్లు వేసుకోవాల, తతామి మీద అడుగు పెట్టేముందు ఆ స్లిప్పర్లు కూడా విప్పేయాల, టాయిలెట్‌లో వేరే స్లిప్పర్లుంటాయి, అవి వేసుకుని బయటికి రావద్దు. పెట్టెని తతామి మీద చక్రాలతో లాగొద్దు, ఎత్తి పెట్టండి. గదిలో ఒక మూల కొంచెం ఎత్తుగా, గోడకి చిత్రపటం, పూలకుండీ పెట్టిన చోటు ఉంటాది, మనవాళ్ళకి అది సామాను పెట్టుకునే అరలాగా కనిపిస్తాది, ఆడ ఏమీ పెట్టకూడదు, ఎక్కకూడదు. యుకాటా కట్టేటప్పుడు కుడివైపు అంచు లోపలికి, ఎడమవైపు అంచు దాని పైకి రావాల, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా అంతే, దానికి తిరగేసి చనిపోయినవాళ్ళకి కడతారు. పరుపు నేల మీదే. మోకాళ్ళ నొప్పులుండే పెద్దవాళ్ళుంటే మంచం ఉండే గది, కింది అంతస్తు గది బుకింగ్‌లోనే అడగండి, పాత చెక్క భవనాల్లో లిఫ్టు ఉండకపోవచ్చు.

ఇప్పుడు స్నానం. మనవాళ్ళు బిగుసుకుపోయేది ఇక్కడే, ఎందుకంటే బట్టలన్నీ విప్పి పోవాల, స్విమ్ డ్రెస్ కుదరదు. ఆడవాళ్ళకి మగవాళ్ళకి వేరేవేరే, సామాన్యంగా ఎర్ర పరదా ఆడవాళ్ళది, నీలం పరదా మగవాళ్ళది. చాలా రియోకాన్‌లలో రాత్రికి రాత్రి రెండూ తారుమారు చేస్తారు, రెండు తొట్లూ అందరూ చూడాలని, కాబట్టి పొద్దున నిద్ర మత్తులో నిన్నటి దారిన పోకుండా పరదా చూసి పోండి. సిగ్గు పోదు అనుకుంటే కాషికిరి అని గంట లెక్కన మీ కుటుంబానికే ఇచ్చే స్నానం గది ఉంటాది, కొన్నిచోట్ల ఫ్రీ, కొన్నిచోట్ల డబ్బు కట్టాల, మొదటి రోజు దాంట్లో చేస్తే రెండో రోజుకి ధైర్యం వస్తాది. మా పెద్దమ్మ అట్లాగే మొదలుపెట్టి, తర్వాత తానే తెల్లవారుజామున ఎవరూ లేని టైము చూసుకుని పెద్ద తొట్టికి పోయేది, ఆ టైము నిజంగానే మంచిది.

బట్టలు బుట్టలో పెట్టి చిన్న తుండు ఒక్కటి తీసుకుని లోపలికి పోతే గోడ పొడుగునా కుళాయిలు, చిన్న స్టూళ్ళు, షాంపూ, సోప్ ఉంటాయి. స్టూలు మీద కూర్చునే ఒళ్ళు రుద్దుకోవాల, నిలబడి పోసుకుంటే పక్కవాళ్ళ మీద చిందుతాది. నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కుని, స్టూలు కూడా కడిగి పెట్టి, అప్పుడు తొట్టి దగ్గరికి పోయి చెంబుతో కాళ్ళ నుంచి పైకి నీళ్ళు పోసుకుని మెల్లగా దిగండి. తొట్టి కడుక్కునేదానికి కాదు, నానేదానికి. తుండు నీళ్ళలో ముంచొద్దు, మడిచి నెత్తిన పెట్టుకోండి, పొడుగు జుట్టు ముడేసుకోండి. ఫోన్ అసలే వద్దు. నీళ్ళు మామూలుగా 40, 42 డిగ్రీలుంటాయి, ఐదు పది నిమిషాలు ఉండి లేచి, కాసేపు గట్టున కూర్చుని మళ్ళీ దిగండి. బీపీ, గుండె జబ్బు ఉండేవాళ్ళు పోయేముందే డాక్టర్‌ని అడగండి, మద్యం తాగినాక దిగొద్దు, నీళ్ళు బాగా తాగండి.

మనకే ప్రత్యేకమైన మూడు సంగతులు. ఒకటి వెండి. గంధకం ఉండే నీళ్ళలో, అంటే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేవాటిలో, మెట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు నల్లగా అయిపోతాయి, రాగి కలిసిన బంగారం కూడా మసకబారొచ్చు. తీసి గది లాకర్‌లో పెట్టండి, తీయడం ఇష్టం లేనివాళ్ళు గంధకం లేని ఊరు ఎంచుకోండి, కినోసాకి నీళ్ళు ఉప్పు రకం. రెండోది పచ్చబొట్టు. ఆడ చాలా స్నానశాలల్లో టాటూ ఉంటే రానియ్యరు, మన పెద్దవాళ్ళ చేతుల మీదుండే పాత పచ్చబొట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, ముందే అడగండి, చిన్నదైతే చర్మం రంగు పట్టీ అంటించుకోమంటారు, లేదంటే కాషికిరి. కినోసాకి ఏడు పబ్లిక్ స్నానశాలల్లో టాటూకి అడ్డు లేదు. మూడోది గుండు. కొండకి పోయి తలనీలాలు ఇచ్చిన వెంటనే ప్రయాణం పెట్టుకునేవాళ్ళుంటారు, కత్తి తగిలిన చర్మానికి కుసాత్సు లాంటి ఆమ్లం నీళ్ళు భగ్గుమంటాయి. అకితాలో తమగావా అయితే పీహెచ్ 1.2, అంటే చాలా ఘాటు ఆమ్లం, 98 డిగ్రీల బుగ్గ ఒక్కదాంట్లోంచే నిమిషానికి 9 వేల లీటర్లు వస్తాయి, ఆ నీళ్ళు తొట్టిలోకి చల్లారినాకే వస్తాయి గానీ చిన్న గీత ఉన్నా మంట పుడతాది, కళ్ళలో పడనీయొద్దు, ఆ రోజు గడ్డం కూడా గీసుకోవద్దు.

వెళ్ళేరోజు పదింటికి ముందే గది ఖాళీ చేయాల. బిల్లులో మనిషికి ఒక రాత్రికి 150 యెన్ లాగా స్నానం పన్ను వేరేగా కనిపిస్తాది, అది అందరికీ ఉండేదే. టిప్పు ఇవ్వొద్దు, తీసుకోరు, ఇబ్బంది పడతారు. క్యాన్సిల్ చేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు ఎంత పట్టుకుంటారో బుకింగ్‌లోనే రాసి ఉంటాది, చెప్పకుండా మానేస్తే పూర్తి డబ్బు అడుగుతారు. అందుకే బుకింగ్ వరస ఇట్లా పెట్టుకోండి: ముందు తిండి సంగతి ఒప్పుకున్న రియోకాన్ తేదీలు, తర్వాత దానికి అందే బస్సు, రైలు, ఆ తర్వాత టోక్యో ఒసాకా హోటళ్ళు. పట్నం హోటల్ ఎప్పుడైనా దొరుకుతాది, పల్లెలో మీకు వండిపెట్టే పది గదుల ఇల్లు దొరకదు.